చదువు మధ్యలో ఆపేసినా అసోసియేట్ డిగ్రీ తెచ్చుకోవచ్చు: రివర్స్ ట్రాన్స్‌ఫర్ మొదటి నుంచి చివరి దాకా

ఆన్‌లైన్ జాబ్ అప్లికేషన్‌లో "మీ విద్యార్హత" అని ఒక గడి ఉంటుంది. దాని మీద నొక్కితే హైస్కూల్, సమ్ కాలేజ్, అసోసియేట్, బ్యాచిలర్స్ అని వరసగా కిందికి జారతాయి. డల్లాస్ పక్కన ఒక స్కూల్లో టీచర్ ఎయిడ్ ఉద్యోగానికి అప్లై చేస్తూ ఆ "సమ్ కాలేజ్" దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రెండేళ్ల డిగ్రీలిచ్చే కమ్యూనిటీ కాలేజీలో 33 క్రెడిట్లు (ఒక్కో కోర్సుకి మామూలుగా మూడు) చేశాను, తర్వాత యూనివర్సిటీకి మారి ఇంకో 30 చేశాను, ఈలోపు పాప పుట్టింది, మావారి ప్రాజెక్టు వేరే రాష్ట్రానికి మారింది, చదువు అక్కడితో ఆగింది. మొత్తం 63. అసోసియేట్ డిగ్రీకి, అంటే రెండేళ్ల డిగ్రీకి, మామూలుగా కావలసినవి 60. అంటే డిగ్రీకి సరిపడా చదివాను, ఫీజూ కట్టాను, చేతిలో కాగితం మాత్రం లేదు. ఆ 63 రెండు చోట్ల పడి ఉన్నాయి, ఒక కాలేజీ ఇంకో కాలేజీని అడగలేదు, నేనూ అడగలేదు.

ఇలా కాలేజీలో చేరి ఏ డిగ్రీ లేకుండా మానేసినవాళ్లు అమెరికాలో మూడున్నర కోట్ల మందికి పైనే ఉన్నారు. అందరికీ 60 క్రెడిట్లు ఉండవనుకోండి. ఉన్నవాళ్ల కోసం, దగ్గర దాకా వచ్చి ఆగినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చేసుకున్నది టెక్సాస్‌లో కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే, వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకి చివర్లో కొంచెం చెప్తాను.

అసలు ఇదేంటి

మామూలు ట్రాన్స్‌ఫర్‌లో కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు యూనివర్సిటీకి వెళ్తాయి. ఇది దానికి తిరుగు ప్రయాణం. యూనివర్సిటీలో చేసిన కోర్సుల్ని పాత కమ్యూనిటీ కాలేజీకి పంపిస్తే, అక్కడివీ ఇక్కడివీ కలిపి లెక్కేసి ఆ కమ్యూనిటీ కాలేజీ అసోసియేట్ డిగ్రీ ఇస్తుంది. దొడ్డిదారి ఏమీ కాదు, డిగ్రీ మీద "రివర్స్ ట్రాన్స్‌ఫర్" అని ముద్ర ఉండదు, క్లాసులో కూర్చుని తీసుకున్నవాళ్లకి వచ్చే డిగ్రీయే మీకూ వస్తుంది. ఎల్ పాసో కమ్యూనిటీ కాలేజీ, అక్కడి టెక్సాస్ యూనివర్సిటీ కలిసి దీన్ని చాలా ముందే మొదలుపెట్టాయి. 2012లో లూమినా ఫౌండేషన్ లాంటి సంస్థల డబ్బుతో "క్రెడిట్ వెన్ ఇట్స్ డ్యూ" అనే కార్యక్రమం మొదలయ్యాక చాలా రాష్ట్రాలకు పాకింది.

టెక్సాస్‌లో దీనికి చట్టమే ఉంది. కమ్యూనిటీ కాలేజీలో కనీసం 30 క్రెడిట్లు చేసి, మొత్తం కలిపి కనీసం 66 పూర్తి చేసిన విద్యార్థిని, "మీ మార్కుల వివరాలు పాత కాలేజీకి పంపమంటారా" అని యూనివర్సిటీయే అడగాలి. వినడానికి బాగానే ఉంది కదా. నాకు 63, వాళ్లు చూసేది 66, పైగా నేను అప్పటికే మానేశాను. మా అక్క కూతురు హైస్కూల్లో ఉండగానే డ్యుయల్ క్రెడిట్ కింద కమ్యూనిటీ కాలేజీ కోర్సులు 27 క్రెడిట్లు చేసి, యూనివర్సిటీలో ఇంకో 60 చేసింది. వాళ్లు చూసేది 30, దానికి 27. ఇద్దరికీ తలా మూడు తక్కువ. అందుకే మమ్మల్ని ఎవరూ అడగలేదు. కానీ, ఇక్కడే చాలామంది పొరపడతారు, ఆ 30, 66 అనేవి యూనివర్సిటీ మిమ్మల్ని అడగడానికి పెట్టిన గీతలే తప్ప డిగ్రీ ఇవ్వడానికి పెట్టినవి కావు. డిగ్రీకి షరతులు వేరు, వాటిని చివరికి మేమిద్దరం పూర్తి చేశాం. వాళ్లు అడగకపోతే మనమే అడగాలి, అంతే తేడా.

ముందు నాలుగు అంకెలు చూసుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని 60, 42, 15, 2.0 అని రాసుకోండి. 60 అంటే మొత్తం క్రెడిట్లు. 42 అంటే టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలన్నిటికీ ఉమ్మడిగా ఉండే కోర్ కరికులమ్, అంటే ఏ సబ్జెక్టు వాళ్లయినా చదవాల్సిన కోర్సులు. 15 అంటే డిగ్రీ ఇచ్చే కాలేజీలోనే చేసి ఉండాల్సిన కనీస క్రెడిట్లు. దీన్ని రెసిడెన్సీ అంటారు, మీరు ఎక్కడ కాపురం ఉంటున్నారన్న దానితో సంబంధం లేదు, పేరు అలా పెట్టారంతే. దక్షిణాది రాష్ట్రాల కాలేజీలకి అక్రెడిటేషన్ (గుర్తింపు) ఇచ్చే సంస్థ నియమం ప్రకారం డిగ్రీలో కనీసం 25 శాతం ఆ కాలేజీలో చదివినదే అయ్యుండాలి, 60లో 25 శాతం అంటే 15. డ్యుయల్ క్రెడిట్ కోర్సులు కాలేజీయే చెప్పినవి కాబట్టి ఇందులోకి వస్తాయి. హైస్కూల్లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు, క్లాసుకి వెళ్లకుండా రాసే క్లెప్ పరీక్షలతో వచ్చిన క్రెడిట్లు 60లోకి రావచ్చు గానీ ఈ 15లోకి రావు. ఇక 2.0 అనేది ఉండాల్సిన కనీస జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు.

రెండు మూడు కమ్యూనిటీ కాలేజీల్లో తలా కాస్త చదివినవాళ్లు ఉంటారు, ఊళ్లు మారుతూ ఉంటాం కదా. అలాంటప్పుడు ఎక్కడ ఎక్కువ క్రెడిట్లు ఉన్నాయో ఆ కాలేజీని పట్టుకోండి. డల్లాస్‌లో వేర్వేరు పేర్లతో ఉన్న ఏడు కాలేజీలు 2020లో ఒక్కటై డల్లాస్ కాలేజ్ అయ్యాయి, కాబట్టి అప్పట్లో రెండు వేర్వేరు క్యాంపస్‌ల్లో చదివానే అని కంగారు పడక్కర్లేదు.

ఏ డిగ్రీ అడగాలి? యూనివర్సిటీకి వెళ్లినవాళ్లకి అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ గానీ, అసోసియేట్ ఆఫ్ సైన్స్ గానీ తేలిగ్గా కుదురుతాయి. అప్లైడ్ సైన్స్ పేరుతో ఉండేవి ఒక వృత్తికి తయారుచేసే డిగ్రీలు, నర్సింగ్ లాంటివైతే క్లినికల్స్ (ఆసుపత్రి శిక్షణ) అక్కడే చేయాలి, వాటికి ఈ దారి పెద్దగా పనికిరాదు.

ట్రాన్స్‌క్రిప్ట్ పక్కన పెట్టుకుని కూర్చోండి

రెండు చోట్లా పోర్టల్‌లోకి వెళ్తే అనఫీషియల్ ట్రాన్స్‌క్రిప్ట్ (కోర్సులు, గ్రేడ్ల పట్టిక) ఉచితంగా దొరుకుతుంది. పాస్‌వర్డ్ మర్చిపోయి ఉంటారు, పాత ఫోన్ నంబర్‌కి ఓటీపీ వెళ్తుంటుంది, ఆ గోల ముందు తేల్చుకోండి. కాలేజీ ఐటీ హెల్ప్ డెస్క్‌కి ఫోన్ చేసి స్టూడెంట్ ఐడీ చెప్తే మామూలుగా దారి చూపిస్తారు.

ఇప్పుడు కోర్సు నంబర్లు చూడండి. టెక్సాస్‌లో ఉమ్మడి నంబర్ల పద్ధతి ఉంది, అది తెలిస్తే సగం పని మీరే చేసుకోవచ్చు. ఇంగ్లిష్ 1301 అనుకోండి. మొదటి అంకె 1 అంటే మొదటి ఏడాది స్థాయి, రెండో అంకె 3 అంటే మూడు క్రెడిట్లు. మ్యాథ్ 2413 అంటే రెండో ఏడాది స్థాయి, నాలుగు క్రెడిట్లు. యూనివర్సిటీలో కొన్ని కోర్సులకి వేరే పేరు ఉంటుంది, ఉదాహరణకి డల్లాస్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో రెటరిక్ 1302 అని చదివేది ఉమ్మడి పద్ధతిలో ఇంగ్లిష్ 1302. పేరు కుదర్లేదని కొట్టేయకండి, యూనివర్సిటీ క్యాటలాగ్‌లో ఉమ్మడి నంబర్ ఉందేమో చూడండి.

కోర్‌లో 42 ఎలా పంచారో చూద్దాం. ఇంగ్లిష్ లాంటి కమ్యూనికేషన్ కోర్సులు 6, లెక్కలు 3, సైన్స్ 6, భాష-తత్త్వం-సంస్కృతి కింద 3, కళలు 3, అమెరికా చరిత్ర 6, గవర్నమెంట్ 6, సోషల్ సైన్స్ 3, మిగతా 6 కాలేజీ తన ఇష్టప్రకారం పెట్టుకునేవి. మీ రెండు ట్రాన్స్‌క్రిప్టుల్లోని కోర్సుల్ని ఈ గళ్లలో నింపుకుంటూ రండి. మనవాళ్ల పిల్లలకి లెక్కలు, సైన్స్ గళ్లు పొంగిపోతుంటాయి, కాల్కులస్ రెండు, ఫిజిక్స్ రెండు, కెమిస్ట్రీ ఇంకోటి. ఖాళీగా ఉండేవి ఎప్పుడూ కళలు, చరిత్ర, గవర్నమెంట్. నాకు ఖాళీగా మిగిలింది గవర్నమెంట్ 2306, అంటే టెక్సాస్ ప్రభుత్వం గురించిన కోర్సు. 63 క్రెడిట్లు ఉండి కూడా డిగ్రీకి మూడు తక్కువ అని అప్పుడు తెలిసింది. మొత్తం ఎన్ని అన్నది ఎవరైనా కూడేస్తారు, ఏ గడిలో ఎన్ని అన్నదే అసలు లెక్క.

యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో "కోర్ కంప్లీట్" అని ఒక ముక్క రాసి ఉంటే మీ అదృష్టం. టెక్సాస్‌లో ఒక ప్రభుత్వ కాలేజీలో కోర్ పూర్తయితే ఇంకో ప్రభుత్వ కాలేజీ ఆ 42నీ గుత్తగా ఒప్పుకోవాలి, గడీ గడీ విప్పి చూడకూడదు. అర్హత ఉండి కూడా ఆ ముక్క లేకపోతే యూనివర్సిటీ రిజిస్ట్రార్‌ని అడిగి రాయించుకోండి.

కాగితాలు పంపించడం

యూనివర్సిటీలో ఇంకా చదువుతుంటే పని తేలిక. పోర్టల్‌లో రివర్స్ ట్రాన్స్‌ఫర్‌కి ఒప్పుకుంటున్నట్టు టిక్ పెట్టే చోటు ఉంటుంది, లేదా రిజిస్ట్రార్ పేజీలో ఫారం ఉంటుంది. 1974 నాటి ఫెర్పా చట్టం వల్ల మీ చదువు వివరాలు మీ అనుమతి లేకుండా ఇలా పంపడానికి కాలేజీలు జంకుతాయి, అందుకే ఆ టిక్. తల్లిదండ్రులకి ఒక మాట, పిల్లలు కాలేజీలో చేరాక వయసుతో పనిలేకుండా ఆ హక్కు పిల్లలదే, మీరు ఫోన్ చేసి అడిగితే చెప్పరు. మా అక్క రెండుసార్లు ఫోన్ చేసి తిట్టుకుంది, మూడోసారి కూతురే పడుకుని ఫోన్‌లో టిక్ పెట్టింది, ఒక్క నిమిషం పని.

చాలా కాలేజీలు ఈ వివరాలు నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ ద్వారా పంపుకుంటాయి, దానికి మీకు ఖర్చేమీ ఉండదు. నాలాగా మానేసినవాళ్లయితే ఆ తంతు కోసం చూడొద్దు, మామూలు దారిలో వెళ్లండి: యూనివర్సిటీ నుంచి అఫీషియల్ ట్రాన్స్‌క్రిప్ట్ ఎలక్ట్రానిక్‌గా పాత కమ్యూనిటీ కాలేజీకి పంపించండి, ఆ చిన్న ఫీజు మీరే కట్టండి. కాలేజీ ఫారంలో 30 క్రెడిట్ల షరతు ఉండి మీకు 20 ఉన్నా ఇదే దారి. రివర్స్ ట్రాన్స్‌ఫర్ అనే పేరు ఎత్తకుండానే, పాత విద్యార్థిగా ట్రాన్స్‌క్రిప్ట్ పంపి గ్రాడ్యుయేషన్‌కి అప్లై చేస్తున్నాను అంటే సరిపోతుంది. టిక్ పెట్టినా మా అక్క కూతురి పని చివరికి అలాగే అయింది.

పంపే ముందు రెండు చోట్లా హోల్డ్స్ చూడండి. లైబ్రరీ ఫైన్, పార్కింగ్ టికెట్, ఎప్పుడో డ్రాప్ చేసిన కోర్సు తాలూకు బాకీ, ఏది ఉన్నా ట్రాన్స్‌క్రిప్ట్ కదలకపోవచ్చు.

ఇక పేరు. మన తెలుగువాళ్లకి దీని గురించి విడిగా చెప్పాలి. నా కమ్యూనిటీ కాలేజీ రికార్డులో పుట్టింటి ఇంటిపేరు ఉంది, మధ్యలో పాస్‌పోర్ట్ మార్చుకున్నాక యూనివర్సిటీలో అత్తింటి ఇంటిపేరుతో చేరాను. యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్ట్ పంపింది, కాలేజీకి చేరింది, చేరి ఆరు వారాలు ఎవరిదో తెలియని కాగితాల కుప్పలో పడుంది. వాళ్లు నాకు చెప్పలేదు, నేనేమో పని జరుగుతోందని కూర్చున్నాను. పెళ్లయినవాళ్లకే కాదు, ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ, పొడుగు పేరు సగానికి తెగిపోవడం, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం వల్ల ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని పడటం, ఇవన్నీ మనకి మామూలే. అందుకని ట్రాన్స్‌క్రిప్ట్ పంపిన రోజే కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసుకి ఒక మెయిల్ రాయండి. అందులో పాత స్టూడెంట్ ఐడీ, రెండు పేర్లూ, పుట్టినతేదీ, ఏ యూనివర్సిటీ నుంచి ఏ రోజు పంపించారో రాసి, పేరు మారిన కాగితం జత చేయండి. పుట్టినతేదీలో నెల ముందు, రోజు తర్వాత రాయాలని వేరే చెప్పక్కర్లేదు.

పంపేస్తే అయిపోలేదు

ట్రాన్స్‌క్రిప్ట్ చేరితే డిగ్రీ దానంతట అదే వస్తుందనుకుంటారు. కొన్ని చోట్ల వాళ్లే లెక్కేసి చెప్తారు, చాలాచోట్ల చెప్పరు. మీరు పోర్టల్‌లో డిగ్రీ ఆడిట్ తెరిచి చూడాలి. పూర్తయిన గడికి పచ్చ టిక్, కానిదానికి ఎర్ర సున్నా ఉంటాయి. కింద ఎక్కడో "ఎలెక్టివ్స్" అని ఒక మూల ఉంటుంది, అక్కడ బాగా చూడండి, ఎక్కడా ఇమడని కోర్సులన్నీ అక్కడ పడేస్తారు. మా అక్క కూతురు యూనివర్సిటీలో సంగీతం మీద ఒక కోర్సు చేసింది, దానికి ఉమ్మడి నంబర్ లేదు, కాబట్టి అది కళల గడిలోకి పోకుండా ఎలెక్టివ్‌లో పడింది, పైన కళల దగ్గర ఎర్ర సున్నా అలాగే ఉంది. దానికి మందు కోర్సు సబ్‌స్టిట్యూషన్, అంటే ఒక కోర్సు బదులు ఇంకోదాన్ని ఒప్పుకోమని అడగడం. ఫారం నింపి, ఆ కోర్సు సిలబస్ జత చేస్తే సంబంధిత డిపార్ట్‌మెంట్ చూసి ఒప్పుకుంటుంది లేదా కాదంటుంది. సిలబస్ ఎక్కడ దొరుకుతుందంటారా, టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలు అండర్‌గ్రాడ్యుయేట్ కోర్సుల సిలబస్‌లు వెబ్‌సైట్‌లో పెట్టి కనీసం రెండేళ్లు ఉంచాలని 2009లో చట్టం తెచ్చారు. రెండేళ్లు దాటితే డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి అడగాలి. ఇంకా చదువుతున్నవాళ్లు ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి దాచుకోండి.

క్యాటలాగ్ ఏడాది కూడా అడగండి. మీరు చేరిన ఏడాది నియమాలు కొన్నేళ్ల దాకానే వర్తిస్తాయి, అది దాటితే ఇప్పటి నియమాలు. ఎక్కువసార్లు తేడా రాదు గానీ వస్తే ఒకట్రెండు కోర్సులు పెరుగుతాయి.

ఆడిట్ అంతా పచ్చగా ఉందా? ఇప్పుడు గ్రాడ్యుయేషన్ అప్లికేషన్ పెట్టండి. ఇది పెట్టకపోతే డిగ్రీ రాదు. గడువు తేదీలుంటాయి, దాటితే తర్వాతి సెమిస్టర్‌కి పోతుంది.

మూడు క్రెడిట్లు తక్కువైతే

ఒక ఎర్ర సున్నా మిగిలితే నిరాశపడకండి, అది పెద్ద కష్టం కాదు. పాత కమ్యూనిటీ కాలేజీలోనే ఆన్‌లైన్‌లో ఎనిమిది వారాల క్లాసు దొరుకుతుందేమో చూడండి, యూనివర్సిటీతో పోలిస్తే ఫీజు చాలా తక్కువ, పైగా రెసిడెన్సీలో కలుస్తుంది. నేను గవర్నమెంట్ 2306 అలాగే చేశాను, పాపని పడుకోబెట్టి రాత్రి తొమ్మిదిన్నరకి కూర్చుని, టెక్సాస్ గవర్నర్‌కి ఉన్న అధికారాల మీద క్విజ్‌లు రాస్తూ. పరీక్షలు రాయడం అలవాటున్నవాళ్లకి క్లెప్ ఇంకా చవక, ఒక్క పరీక్షతో మూడు క్రెడిట్లు. కాకపోతే మీకు కావలసిన గడికి ఆ పరీక్షని కాలేజీ ఒప్పుకుంటుందో లేదో ముందు మెయిల్‌లో రాయించుకోండి.

జీపీఏ 2.0 కంటే తక్కువుంటే, ఎఫ్ వచ్చిన కోర్సు అదే కాలేజీలో మళ్లీ చేయడం మంచి దారి. టెక్సాస్‌లో అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్ అని ఒకటుంది, పదేళ్లు దాటిన చదువుని లెక్కలోకి తీసుకోకుండా చేరొచ్చు. ఎవరైనా సలహా ఇస్తే తొందరపడకండి, అది ఎఫ్‌లతో పాటు ఆ కాలం నాటి మంచి మార్కుల్ని కూడా తుడిచేస్తుంది, మీకు కావలసింది ఆ పాత క్రెడిట్లే.

దీనివల్ల ఏమొస్తుంది, ఏం రాదు

ఉన్నమాట చెప్తాను. ఇంకో ఏడాదిలో కంప్యూటర్ సైన్స్ బ్యాచిలర్స్ అయిపోయేవాళ్లకి ఇది పెద్దగా ఉపయోగపడదు, మధ్యలో ఏదైనా అయితే చేతిలో ఒక డిగ్రీ ఉంటుందన్న భరోసా తప్ప. టిక్ పెట్టడానికి డబ్బు పడదు కాబట్టి పెట్టేయండి అంటాను. నిజంగా పనికొచ్చేది ఆపేసినవాళ్లకి. ఫెడరల్ నిధులు అందే టైటిల్ వన్ స్కూళ్లలో పారాప్రొఫెషనల్‌గా (టీచర్ ఎయిడ్‌గా) చేరాలంటే రెండేళ్ల కాలేజీ చదువు గానీ, అసోసియేట్ డిగ్రీ గానీ, లేదా ఒక పరీక్ష పాసవడం గానీ కావాలి. వర్క్ పర్మిట్ ఉన్న మన ఆడవాళ్లు చాలామంది ఈ ఉద్యోగాల వైపు చూస్తారు, పిల్లల స్కూల్ వేళలే మనకీ ఉంటాయి కదా.

ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు దీంతో ఓపీటీ (చదువుకి ముడిపడిన పని అనుమతి) వస్తుందని ఆశపడొద్దు, అది మీ ఐ-20 మీదున్న ప్రోగ్రాంతో ముడిపడి ఉంటుంది. ఏ సందేహం ఉన్నా మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసునే అడగండి. హెచ్1బీకి బ్యాచిలర్స్ లేదా దానికి సమానమైనది కావాలి, అసోసియేట్ ఒక్కటే సరిపోదు. గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ ఉన్న పిల్లలు పెల్ గ్రాంట్ (ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే చదువు సాయం) పోతుందేమోనని టెన్షన్ పడతారు, పోదు, మొదటి బ్యాచిలర్స్ వచ్చేదాకా అర్హత ఉంటుంది. యూనివర్సిటీలో ఉన్న క్రెడిట్లు కూడా ఎక్కడికీ పోవు, పాత కాలేజీకి వెళ్లేది వాటి నకలు మాత్రమే.

వేరే రాష్ట్రాల వాళ్లు రిజిస్ట్రార్‌ని అడిగేటప్పుడు "రివర్స్ ట్రాన్స్‌ఫర్" అనే మాటే వాడండి, చాలాచోట్ల అదే పేరు. నార్త్ కరోలినా, టెనెసీ, మిస్సోరీల్లో రాష్ట్రమంతటికీ కలిపి ఏర్పాటు ఉంది. ఫ్లోరిడాలో ఇంకో రకం, అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీలే అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ ఇస్తాయి కాబట్టి ముందు అక్కడ అడగండి. యూనివర్సిటీ ఒక రాష్ట్రంలో, కమ్యూనిటీ కాలేజీ ఇంకో రాష్ట్రంలో ఉంటే పోర్టల్‌లో టిక్ కనిపించకపోవచ్చు, అప్పుడు నేను చెప్పిన మామూలు దారే: ట్రాన్స్‌క్రిప్ట్, ఆడిట్, అప్లికేషన్.

డిగ్రీ మీద తేదీ మీరు చదువు ఆపేసిన ఏడాదిది ఉండదు, డిగ్రీ ఇచ్చిన సెమిస్టర్‌ది ఉంటుంది. రెజ్యూమేలో ఆ తేదీయే రాయండి, వెరిఫికేషన్‌లో అదే కనిపిస్తుంది. డిప్లొమా పోస్టులో పంపుతారు కాబట్టి పోర్టల్‌లో అడ్రస్ మార్చడం మర్చిపోకండి. నాది పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్లింది. అక్కడ ఇప్పుడుంటున్న గుంటూరు వాళ్లు కవరు మీద పేరు చూసి, తెలిసినవాళ్ల ద్వారా నా నంబరు కనుక్కుని ఫోన్ చేశారు.